ఫుసాకో మూసుకున్న నోరు

బస్సు ఆగి ఇరవై నిమిషాలైంది. దుమ్ముగూడెం దాటి, పర్ణశాల అడ్డరోడ్డు ఇంకా రాకముందే, జామాయిల్ తోటల మధ్య పోలీసులు బండ్లన్నీ ఆపి చెకింగ్ పెట్టారు. ముందు ఎనిమిదో తొమ్మిదో లారీలున్నాయి. డ్రైవరు ఇంజను ఆపి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకుని దిగిపోయాడు. ఇంజను ఆగిందంటే చాలు, హేమలతకు ముందు వినపడేవి ఊపిర్లు. వెనక సీటులో ఒక ఉబ్బసం ఊపిరి, పక్కన కూర్చున్న పెద్దావిడది ముక్కు దిబ్బడ ఊపిరి, ఇంకెక్కడో నిద్రపోతున్న పసిపిల్లది. పద్దెనిమిదేళ్లు చీకటి డబ్బింగ్ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇతరుల ఊపిర్లు లెక్కపెట్టిన చెవి అది, దానికి సెలవు ఉండదు. టైము రెండూ నలభై. పెళ్లికూతుర్ని నాలుగు గంటలకు సాగనంపుతారు. ఈ మేనత్త అప్పటికి చేరాలి, చేరి, తన కన్నతల్లి సోమ్లి చేత ఏడుపు ఎత్తించాలి. మేనత్తలు పెళ్లికి చీరలు తెస్తారు, గాజులు తెస్తారు. హేమలత వెంట తీసుకుపోతున్నది, రెండేళ్ల కిందట తానే ఎత్తుకొచ్చిన ఏడుపు. అది తిరిగి ఇచ్చేది ఎట్లాగో ఆమెకు తెలియదు.

ఫోను మోగింది. జ్యోత్స్న. పోయిన అన్న గోప్యా ఒక్కగానొక్క కూతురు, ఇవాళ్టి పెళ్లికూతురు. "ఫూపీ, యాడున్నవ్? మగపెళ్లోళ్లు జల్దీ జల్దీ అంటున్నరు. దాది ఉలుకదు పలుకదు. మంచం మీద గట్లనే కూసున్నది." తండా మాటలో మొదలుపెట్టి సగంలో తెలుగులోకి జారిపోయే పిల్ల, డిగ్రీ పిల్ల. "నువ్వొస్తే దాది ఏడుస్తదని ఆడోళ్లంతా అంటున్నరు. వస్తున్నవ్ కదా?" వస్తున్నానంది హేమలత. ఆ ఆడవాళ్లకు తెలియదు కదా, ఏడుపు ఎండిపోయింది ఎవరి పుణ్యమో. వాళ్ల తండాలో ఆడపిల్ల అత్తారింటికి పోయేటప్పుడు ఊరికే కన్నీళ్లు పెట్టుకుంటే సరిపోదు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, పేరు పెట్టి పిలిచి, జరిగినవన్నీ వరసగా తలుచుకుంటూ రాగం తీసి ఏడవాలి. ఢావ్లో అంటారు దాన్ని. పెళ్లికి ముందు పది రోజులు పెద్దవాళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతారు. ఎక్కడ ఊపిరి తీయాలి, ఎక్కడ మాట విరవాలి, ఎక్కడ ఎదుటిమనిషికి వదలాలి. చావుకైనా అదే, చాలా రోజులకు కలిసిన అక్కచెల్లెళ్లకైనా అదే. ఏడవకుండా పంపిన పిల్లను, దిక్కులేని పిల్ల కింద జమకడతారు అటువైపు వాళ్లు. జ్యోత్స్నకు తండ్రి లేడు, తల్లి ఏనాడో పోయింది, ఉన్నది ఒక్క నాయనమ్మ, ఆ దాది. ఆ నాయనమ్మ సోమ్లి ఢావ్లో ఎత్తుకుంటే పక్క తండాల వాళ్లు కూడా చేతిలో పని ఆపి వినేవారు. ఆ సోమ్లి రెండేళ్లుగా నోరు విప్పి ఏడ్చింది లేదు.

ఫుసాకో కూడా అంతే కదా, చివరికి నోరు మూసుకుంది. ఫుసాకో మినెగిషి, హేమలత గొంతు అరువిచ్చిన జపాను నటి. ఎక్కడి జపాను, ఎక్కడి తండా, మోకాలికీ బోడిగుండుకీ ముడి అంటే ఇదే. కానీ హేమలతకు కన్నతల్లి ఊపిరి తర్వాత అంత బాగా తెలిసిన ఊపిరి ఇంకొకటి లేదు. మొన్న మాఘమాసంలో పోయింది ఆవిడ, డెబ్బై ఆరేళ్లకు. కబురు తెలిసింది కూడా డబ్బింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులోనే, పువ్వు బొమ్మ కింద మూడు లైన్లు. పోయినవాడి కళ్లు చారెడేసి. బతికుండగా పేరు కూడా పలకలేని వాళ్లంతా మహానటి అని రాశారు. పంతొమ్మిదేళ్లకు సినిమాల్లోకి వచ్చిందట. వచ్చిన మొదటి సినిమాలోనే ఏట్లో పడి చచ్చిపోయే చెల్లెలి వేషం. చావు బాగా చేసిందని పేరొచ్చింది, పేరొచ్చిన పాపానికి తర్వాత పదకొండు సినిమాల్లో చంపారు. క్షయతో, కత్తితో, మంచులో గడ్డకట్టి. బతికి బట్టకట్టి ఇల్లు నడుపుకునే వేషం ఒక్కటీ ఇవ్వలేదు ఆ మహానుభావులు. ముప్పై నాలుగేళ్లు వచ్చేసరికి, చావడానికి కూడా వయసు మీరిందన్నారు. అప్పుడు ఎవడో, నీ గొంతు మగపిల్లాడి గొంతులా ఉందని, పిల్లల బొమ్మల సీరియల్‌కి పంపాడు. నూడుల్స్ కొట్టు వాళ్ల అల్లరి పిల్లాడు తొనీచి. ఎనిమిదేళ్ల తొనీచి. వాడికి ఇరవై ఏడేళ్ల పాటు ఎనిమిదేళ్లే, ఆవిడకు మాత్రం జుట్టు తెల్లబడింది.

ఆ తొనీచి తెలుగులోకి వచ్చినప్పుడు హేమలతకు ఇరవై మూడు. అన్న గోప్యానే హైదరాబాద్ తీసుకుపోయాడు, భుజం మీద బియ్యం మూట పెట్టుకుని. రేడియోలో పనికొచ్చే గొంతు చెల్లెలిదని వాడికి పిచ్చి నమ్మకం. స్టూడియోలో వెంకటరామారావు గారు, సత్తుపల్లి వైపు మనిషి, డబ్బింగ్ ఇన్‌ఛార్జి, నాలుగు లైన్లు చదివించి అద్దం అవతల నుంచి నవ్వాడు. "గొంతు బాగుందమ్మా, మాటలోనే తండా వాసనొస్తోంది. అది పోగొట్టుకుని రా." అంతే, పోగొట్టుకుంది. పళ్ల మధ్య పెన్సిల్ పెట్టుకుని రోజూ పేపరంతా పైకి చదివింది ఏడాదిపాటు. ముందు ఒత్తులు దారికొచ్చాయి, తర్వాత రాగం పోయింది, ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేస్తే యాడి, కన్నతల్లి సోమ్లి, అడిగింది, ఎవరు మాట్లాడేది అని. అది మొదటి దెబ్బ, అప్పుడు నవ్వుకుంది, మెచ్చుకోలు అనుకుంది. తర్వాత పద్నాలుగేళ్లు ఆ పిల్లాడి నోట్లోనే కాపురం. ఒక చెవిలో ఫుసాకో, ఒక చెవిలో తన గొంతు. ఫుసాకో ఊపిరి తీస్తే తను తీయడం, ఫుసాకో నవ్వు ఎక్కడ విరిస్తే అక్కడే విరవడం. ఫుసాకోకు పన్ను ఊడిన ఏడు హేమలతకు తెలుసు, మోకాలు నొప్పితో నిలబడి చెప్పిన రోజులు తెలుసు, జలుబు తెలుసు. ఒక వారమంతా ఊపిరి అడుగున ఏదో తడి ఉంది. ఎవరో పోయారు ఆ ఇంట్లో అనుకుంది హేమలత. తర్వాత తెలిసింది, పోయింది కొడుకు. అప్పుడు కూడా తొనీచి పకపకా నవ్వుతూనే ఉన్నాడు, రెండు భాషల్లో. టీవీ చివర పేర్లు పడేచోట ఫుసాకో పేరు జపాను అక్షరాల్లో గబగబా పోయేది, హేమలత పేరు ఏ అక్షరాల్లోనూ పడలేదు.

"ఎందాకమ్మా?" పక్కనున్న పెద్దావిడ మాట కలిపింది. పెనుబల్లి దగ్గర ఊరట, బుల్లెమ్మ అట, పర్ణశాల చూసి రాత్రికి భద్రాచలంలో నిద్ర చేస్తుందట. కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుంది. హేమలత తండా పేరు చెప్పింది. ఆవిడ ఈమె చీరను, వాచీని పరకాయించి చూసి, నమ్మలేదు. "మీ మాట చూస్తే మావైపు మాటలా ఉందే. ఏం ఉద్యోగం?"

"డబ్బింగ్ చెప్తానండి. జపాన్ ఆవిడొకరుండేవారు, ఆవిడకి."

"ఆవిడకి మాటలు రావా?"

"వచ్చండి. తెలుగు రాదు."

"మరి ఆవిడెందుకమ్మా మన తెలుగులో మాట్టాడ్డం," అంది బుల్లెమ్మ, తప్పు పడుతున్నట్టు కాదు, నిజంగానే అర్థంకాక. హేమలతకు నవ్వొచ్చి, సగంలో ఆగింది. పద్దెనిమిదేళ్లలో ఎవరూ అడగని మాట. కిటికీ బయట కల్లంలో తునికాకు కట్టలు బారులు తీర్చి ఆరబెట్టారు. పైన ఎండ, ఆకు ఎండే వాసన. గోప్యా చేతులకు ఎండాకాలమంతా ఈ వాసనే ఉండేది, పెళ్లిలో పెరుగన్నం కలిపినా పోయేది కాదు.

డెబ్బై ఒకటో ఏట ఫుసాకోకు సినిమా వచ్చింది. ముప్పై ఏడేళ్ల తర్వాత మళ్లీ మొహం. ఏటి ఒడ్డు పల్లెలో ముసలామె, వరదలో కొడుకు కొట్టుకుపోతాడు, శవం దొరకదు. రోజూ ఒడ్డుకొచ్చి నిలబడుతుంది. చివర ఒక సీను, నాలుగు నిమిషాలకు పది సెకన్లు తక్కువ, కెమెరా ఆవిడ మొహం మీద నుంచి కదలదు. ఆవిడ ఏడవదు. పెదవులు కలుస్తాయి, విడిపోతాయి, ఏదో పేరు పిలవబోయి మానుకున్నట్టు. శబ్దం లేదు. ఏరు పారే చప్పుడు, ఆవిడ ఊపిరి, అంతే. మొదటిసారి హెడ్‌ఫోన్లలో విని, హేమలత ఆ సీను మళ్లీ మొదటికి తిప్పించుకుంది. ఆ ఊపిరి అడుగున ఆ పాత తడి అట్లాగే ఉంది. వెంకటరామారావు గారు మాత్రం పేపర్లు సర్దుకుంటూ అన్నాడు, "మనవాళ్లు ఇంతసేపు మూగసీను చూడరమ్మా, టీవీ పాడైందనుకుంటారు. పెదవులు కదులుతున్నాయిగా, ఏడుపు పెట్టు. భాష ఏదైనా పర్లేదు, గుండె పగలాలి." భాష ఏదైనా పర్లేదట. పెన్సిలు పెట్టి తోమి తోమి పారబోయించిన వాసన ఇప్పుడు కావాలట. ఆ గదిలోకి తండా గొంతును రానిచ్చింది ఆ నాలుగు నిమిషాలే. ఛీ అని లేచి రావచ్చు. రాలేదు. లోపలెక్కడో సంతోషం కూడా కలిగింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఈ బస్సులో, ఈ ఎండలో, చెంపలు కాలుతున్నాయి.

ఎందుకంటే ఆ ఏడుపు సిద్ధంగా ఉంది. అంతకు ముందు ఏడే, గోదావరి భద్రాచలం దగ్గర డెబ్బై అడుగులు దాటిన ఆషాఢంలో, వాగు ఎగదన్నితే గోప్యా పోయాడు. పోడు చేలో కట్టేసిన ఎద్దుల్ని విప్పుకొస్తానని పోయి, ఎద్దులు వచ్చాయి, తను రాలేదు. మూడో రోజు దొరికాడు. హేమలత హైదరాబాద్ నుంచి పడుతూ లేస్తూ వచ్చేసరికి, సోమ్లి తండా మొగదలకు ఎదురొచ్చి, కూతుర్ని పట్టుకుని, ఎడమ భుజం మీద నోరు ఆనించి ఢావ్లో ఎత్తుకుంది. మార్ గోప్యా. నా గోప్యా. నీ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయిరా, నీ గొడ్డలి కడిగి పెట్టినరా, నీ అన్నం మీద మూత నేను ఎట్ల తీసేదిరా. వింటున్న మగవాళ్లు కూడా నేలమీద కూలబడ్డారు. హేమలతా ఏడ్చింది, ఏడవకేం, తోడబుట్టినవాడు, బియ్యం మూట మోసినవాడు. కానీ ఏడుస్తూనే ఆ పాడు చెవి తన పని తను చేసుకుపోయింది. మూడో మాట తర్వాత యాడి ఊపిరి తీసింది. "మూత" దగ్గర గొంతు చీలింది. అక్కడ విరిచింది. ఇది ఎప్పుడో పనికొస్తుంది. అనుకుందా, అనుకోలేదా? అనుకుంది. ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు, కానీ అనుకుంది. అన్న శవం ఇంకా వాకిట్లోనే ఉంది.

స్టూడియోలో రెండో టేకుకే ఓకే అయింది. ఒక్కచోటే ఆపాడాయన. "చెప్పుల మాట తర్వాత ఒక రెండు సెకన్లు వదులమ్మా, ఏటి చప్పుడు వినపడాలి." వదిలింది. పేరు మారుద్దామా అని కూడా అడిగాడు. పెదవులకు సరిగ్గా సరిపోతోంది సార్ అంది హేమలత. సరిపోయింది మరి. ఆ జపాను ముసలామె పెదవులు రెండుసార్లు కలిసి విడిపోయేచోట, మార్ గోప్యా, కొలిచి కుట్టినట్టు కూర్చుంది. అన్న పేరు నిలిచిపోతుందని చెప్పుకుంది తర్వాత. అబద్ధం, సరిపోయిందనే ఉంచింది. ఆ తర్వాత ఆరునెలలకు ఫుసాకో మాట్లాడిన ముక్క ఒకటి నెట్‌లో కనపడింది, కింద ఇంగ్లిషు అక్షరాలతో. ఏడవమని డైరెక్టరు బతిమాలాడట. ఆవిడ ఒప్పుకోలేదట. "యాభై ఏళ్లు అడిగినప్పుడల్లా ఏడ్చాను, చచ్చాను, నవ్వాను. ఇది నా కొడుకుది. దీనికి నా నోరు ఇవ్వను." ఆ ముక్క చూసిన రోజు హేమలత వంటింట్లో గ్యాసు కట్టేసి నేలమీద కూర్చుండిపోయింది. ఒక ముసలామె జన్మకొక్కసారి మూసుకున్న నోట్లో, ఇంకో ముసలామె ఏడుపు తెచ్చి కుక్కింది తను. ఇద్దరికీ కొడుకులే పోయారు. ఇద్దరినీ అడగలేదు.

బుల్లెమ్మ ఫోను తీసి స్టేటస్‌లు చూసుకుంటోంది. దండ వేసిన ఫొటో ఒకటి వచ్చింది, వెనక నుంచి ఏడుపు. హేమలత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. మార్ గోప్యా. ఎవరో రిటైర్డ్ మేష్టారి శ్రద్ధాంజలికి, గోప్యా చెప్పులు, గోప్యా గొడ్డలి. "మా చుట్టాలాయన పోయాడమ్మా," అంది బుల్లెమ్మ కళ్లొత్తుకుంటూ. "ఈ ఏడుపు వింటే కడుపు తరుక్కుపోద్ది. ఎవరో అడివిలో ముసలమ్మంట, నిజంగానే కొడుకు పోతే ఏడ్చిందంట, ఎవరో తీశారంట."

"అది సినిమాలోదండి."

"కాదమ్మా. సినిమాల్లో ఇట్టా ఏడవరు."

నిజమే చెప్పింది మహాతల్లి. ఆ ఏడుపు ఊళ్లు పట్టి తిరుగుతోంది. చావులకు సరే. క్రికెట్టులో ఓడినప్పుడు అదే, పరీక్ష పోయినప్పుడు అదే. చివరికి బురదగుంటలో పడి లేవలేక తన్నుకుంటున్న గేదె మీద కూడా అదే పెట్టారు. ఆ గేదె వీడియోనే తండాలో ఎవరో చూస్తూ పగలబడి నవ్వుతుంటే, చెంబు పట్టుకుని అటు పోతున్న సోమ్లి ఆగింది. తన మాటలు. తన కొడుకు పేరు. కూతురి గొంతు. ఎంతసేపు నిలబడిందో తెలియదు, చెంబులో నీళ్లన్నీ కాళ్లమీద ఒలికిపోయాయని జ్యోత్స్న చెప్పింది. ఆ నెలలో హేమలత తండాకు పోయినప్పుడు సోమ్లి తిట్టలేదు, మొత్తుకోలేదు, తిట్టినా బాగుండేది. వాకిట్లో కట్టెలు సర్దుకుంటూ తండా భాషలో ఒక్క మాట అడిగింది. "ఇంకేమన్న మిగిలిందా, ఎత్తుకపోను?" అంతే. ఆనాటి నుంచి పక్కింటి రామ్‌సింగ్ చచ్చినా ఏడవలేదు, సొంత చెల్లెలు ఎర్రమ్మ పోయినా ఏడవలేదు. శవం పక్కన కూర్చుని పెదవులు కలుపుతుందట, విడదీస్తుందట. శబ్దం రాదట. జ్యోత్స్న ఫోనులో చెప్తుంటే హేమలత కళ్లకు కనపడింది తల్లి కాదు, ఏటి ఒడ్డున ఫుసాకో.

ఇంజను లేచింది. లారీలు కదిలాయి. ఒక పోలీసాయన బస్సెక్కి సంచులు తడిమి దిగిపోయాడు. మూడూ నలభై. హేమలత మనసులో వరసపెట్టుకుంటూనే ఉంది, యాడీ, తప్పయింది. యాడీ, నన్ను కొట్టు. యాడీ, పిల్ల మొహం చూసి ఒక్కసారి. ఏ మాట అనుకున్నా తొనీచి గొంతులోనో, సీరియల్ కోడలి గొంతులోనో వినపడుతోంది లోపల, వెతికి వెతికి చూస్తే తన గొంతంటూ ఎక్కడా తగలడం లేదు. బుల్లెమ్మ అడ్డరోడ్డు దగ్గర దిగుతూ, సీతమ్మ తల్లి చల్లగా చూడాలమ్మా అని ఒక అరటిపండు చేతిలో పెట్టి పోయింది. ఆ తల్లికి కూడా ఇక్కడ మేలేం జరగలేదు గదా అనుకుంది హేమలత. తండా దగ్గర దిగేసరికి నాలుగు దాటింది. పెళ్లికూతుర్ని ఎద్దు మీద నిలబెట్టి పంపే కాలం పోయింది. వాకిట్లో పూలు కట్టిన బొలెరో, డోరు తెరిచి, ఇంజను ఆడుతూ నిలబడి ఉంది. జ్యోత్స్న ఎర్ర ముసుగులో మధ్యన నిలబడింది. మంచం మీద నుంచి లేపి తెచ్చినట్టున్నారు, సోమ్లి పిల్ల పక్కనే ఉంది, చేతులు వేలాడేసుకుని.

ఆడవాళ్లు దారిచ్చారు. ఎవరో సోమ్లిని మెల్లగా ముందుకు తోశారు. వరస తెలిసిన చేతులు కదా, వాటంతట అవే లేచాయి. ఒకటి కూతురి మీద, ఒకటి మనవరాలి మీద. ముగ్గురి తలలూ కలిశాయి. హేమలత ఎడమ భుజం మీద తల్లి నోరు, అదే చోట. పెదవులు కదులుతున్నాయి, చీర మీద నుంచి తెలుస్తోంది. కలిశాయి, విడిపోయాయి. ఊపిరి వస్తోంది, మాట రావడం లేదు. చుట్టూ అందరూ చూస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. పెదవులు మళ్లీ కలిశాయి. పద్దెనిమిదేళ్ల అలవాటు, ఎదుట పెదవి కదిలితే ఈమె గొంతు ఆగదు. మార్ గోప్యా, అంది హేమలత. అనకూడదని తెలిసేలోపే అంది. నీ చెప్పులు గడప దగ్గరే ఉన్నాయిరా. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. తండ్రి పేరు వినపడగానే జ్యోత్స్న విరిగిపోయింది, వెక్కి వెక్కి, నాయనమ్మ ఒంటిని చుట్టుకుని. పిల్ల తడితోనే సాగిపోతుంది, మాట పడదు, వచ్చిన పని అయింది. చెప్పుల మాట తర్వాత హేమలత ఆగింది. రెండు సెకన్లు. ఎందుకాగిందో ఆగిన తర్వాత తెలిసింది. అక్కడ ఏరేమీ లేదు. ఆ రెండు సెకన్లలో భుజం మీద పెదవులు కదలడం మానేశాయి.

బొలెరో వెళ్లిపోయి, దుమ్ము అణిగిపోయాక, ఆడవాళ్లు ముక్కులు చీదుకుంటూ హేమలత చేతులు పట్టుకున్నారు. అచ్చం సోమ్లి లెక్కనే ఏడ్చిందని మెచ్చుకున్నారు. సోమ్లి మంచం వాల్చి, కూతురికి లోటాతో నీళ్లు తెచ్చింది. కొంగుతో ఒకసారి మంచం దులిపింది. ఆమె తెలుగు మాట్లాడేది రేషను డీలరుతో, ఫారెస్టోళ్లతో, సర్వేకి వచ్చే ఆఫీసర్లతో. కన్నకూతురితో నలభై ఏళ్లలో ఎన్నడూ తెలుగు మాట్లాడింది లేదు.

"మంచిగ చేసిండ్రు మేడం," అంది తెలుగులో. "కూసోండ్రి. మీ బస్సు ఆరింటికి."